ఒకే వరుసను రెండు జట్లు పంచుకుని పాడటం: భజన బృందాలకు, సంగీత విద్యార్థులకు సాధన మార్గదర్శి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పల్లెల్లో కలిసి పాడటం ఎవరికీ కొత్త కాదు. భజన మందిరంలో గురువుగారు ఒక పాదం అందిస్తే తక్కినవారు అదే పాదాన్ని తిరిగి పాడతారు. పండరి భజన, చెక్క భజన, కోలాటం అన్నీ ఈ పద్ధతి మీదనే నడుస్తాయి. అక్కడ ముందు పాడేవారికీ వంత పాడేవారికీ పూర్తి పాదమే దక్కుతుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి అది కాదు. ఇక్కడ ఒక వరుసలోని స్వరాలనే విడదీసి రెండు జట్లకు పంచుతాము. ఒక జట్టు ఒక స్వరం పాడి ఆగుతుంది, ఆ ఖాళీలో రెండో జట్టు తర్వాతి స్వరం పాడి ఆగుతుంది, మళ్ళీ మొదటి జట్టు అందుకుంటుంది. ఏ జట్టు పాడినదాన్ని విడిగా విన్నా అది పాటలా ఉండదు. రెండూ కలిసినప్పుడు మాత్రం వినేవారికి తెగని ఒకే వరుస వినిపిస్తుంది.

ఐరోపాలో 13, 14 శతాబ్దాల సంగీతకారులు దీనిని హాకెట్ అన్నారు. ఫ్రెంచి స్వరకర్త గియోం ద మషో 14వ శతాబ్దంలో ఈ పద్ధతి మీద మూడు గొంతుకల రచన ఒకటి చేశాడు. ఐరోపాతో సంబంధం లేకుండానే ఇండోనేషియాకు చెందిన బాలి ద్వీపంలోని గమెలాన్ వాద్యబృందాలు, దక్షిణ అమెరికాలో టిటికాకా సరస్సు చుట్టుపక్కల వేణువులు ఊదే పల్లెవాసులు, ఉగాండాలోని కొయ్యపలకల వాద్యకారులు, మధ్య ఆఫ్రికాలో ఒక్కొక్కరు ఒక్కొక్క స్వరమే పలికించే కొమ్ముబూరల బృందాలు ఇదే పనిని తమ తమ పద్ధతుల్లో చేస్తూ వచ్చారు. వీరందరి దగ్గరా మనం నేర్చుకోవలసినవి ఉన్నాయి కనుక, ఏ మెట్టుకు ఏ సంప్రదాయం పనికివస్తుందో అక్కడే దాని సంగతి చెబుతాను.

ముందుగా ఒక మాట. ఈ విద్యలో పాడటం సులువు, ఆగడం కష్టం. సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు వచ్చిన ఏ పిల్లవాడైనా తన వంతు స్వరాలను పాడగలడు. ఆ స్వరాల మధ్య ఉన్న మౌనాన్ని సరిగ్గా అంతే కాలం నిలపడానికి, ఆ మౌనంలో ఎదుటివారి స్వరాన్ని మనసులో తాను కూడా పాడుకుంటూ ఉండడానికి వేరే సాధన కావాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఆ సాధన కోసమే.

పాడేవారు, శ్రుతి, చోటు

కనీసం నలుగురు కావాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది ఉంటే బాగుంటుంది. వీరిని రెండు జట్లు చేసేటప్పుడు చాలామంది ఆడవారిని ఒక వైపు, మగవారిని ఒక వైపు కూర్చోబెడతారు. ఈ పద్ధతికి అది పనికిరాదు. మన చెవి స్వరాలను ఒకే వరుసగా కూర్చుకునేటప్పుడు రెండు విషయాలను చూస్తుంది: ఆ స్వరాలు స్థాయిలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా, వాటి నాదం ఒకే రకంగా ఉందా అని. రెంటిలో ఏది తప్పినా చెవి ఆ స్వరాలను రెండు వేరు వరుసలుగా విడదీసుకుంటుంది. రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ 1893లో ప్రదర్శించిన ఆరో సింఫనీ చివరి భాగం మొదట్లో, కిందికి దిగే ఒక వరుసను మొదటి వయొలిన్ల వారికీ రెండో వయొలిన్ల వారికీ ఒక్కొక్క స్వరం చొప్పున పంచాడు. ఆ దిగే వరుసను ఏ ఒక్కరూ పూర్తిగా వాయించరు, అయినా సభలోని ప్రతి ఒక్కరూ దానినే వింటారు. రెండు చోట్లా ఉన్నవి వయొలిన్లే కాబట్టి అది సాధ్యమైంది.

కాబట్టి రెండు జట్లలోనూ ఒకే రకం గొంతులు ఉండాలి. ఆడవారు, పిల్లలు అయితే ఐదు లేక ఐదున్నర శ్రుతి, మగవారు మాత్రమే అయితే ఒకటి లేక ఒకటిన్నర శ్రుతి అనుకూలంగా ఉంటుంది. అందరూ కలిసిన బృందమైతే ఆడవారిలోనే రెండు జట్లు, మగవారిలోనే రెండు జట్లు చేసి, రెండు బృందాలకూ విడివిడిగా సాధన చేయించడమే మంచిది. బలమైన గొంతులన్నీ ఒకే వైపు చేరకుండా చూడాలి. గురువు తాను ఏ జట్టులోనూ చేరకుండా మధ్యలో కూర్చుని తాళం వేయాలి.

రెండు జట్లూ ఎదురెదురుగా, నాలుగైదు అడుగుల దూరంలో కూర్చోవాలి. దూరం పెరిగితే ఇబ్బంది ఎందుకంటే ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. పది మీటర్ల అవతల ఉన్న జట్టు స్వరం మన చెవికి చేరడానికి సెకనులో ముప్పైమూడో వంతు దాకా పడుతుంది. సెకనుకు ఎనిమిది స్వరాలు నడిచే వేగంలో ఒక్కొక్క స్వరానికి దక్కేది సెకనులో ఎనిమిదో వంతే కాబట్టి, ఆ ఆలస్యం స్వరం నిడివిలో దాదాపు పావు వంతును మింగేస్తుంది. గది కూడా చూసుకోవాలి. రాతి మండపాల్లో, ఖాళీగా ఉన్న కల్యాణ మండపాల్లో ప్రతిధ్వని ఎక్కువ. అక్కడ ఒకరు ఆపిన స్వరం గాలిలో ఇంకా మోగుతూనే ఉంటుంది, మౌనం సరిగ్గా కుదిరిందో లేదో ఎవరికీ తెలియదు. చాపలు పరిచిన చిన్న గది సాధనకు ఎంతో మేలు. తంబూర లేక శ్రుతిపెట్టె నడుస్తూ ఉండాలి, కానీ దాని ధ్వని తక్కువగా పెట్టుకోవాలి.

మొదటి మెట్టు: పంచే ముందు మొత్తం వరుస అందరికీ రావాలి

దీనిని దాటవేసిన బృందం ఏదీ ముందుకు వెళ్ళదు. తన వంతు మాత్రమే నేర్చుకున్న గాయకుడు ఖాళీలో ఎన్ని అక్షరాలు (తాళంలో లెక్కలు) ఆగాలో వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటూ ఉంటాడు. మొత్తం వరుస తెలిసినవాడు లెక్క పెట్టడు, ఎదుటివారి స్వరం తన లోపల కూడా నడుస్తుంది కాబట్టి తన చోటు తనకు తెలుస్తుంది.

మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరుసతో మొదలుపెట్టవచ్చు. ఎనిమిది అక్షరాల ఆది తాళం, మొదటి కాలం, అంటే అక్షరానికి ఒక స్వరం. ఆ తర్వాత ఈ సాధన కోసమే కూర్చిన ఈ చిన్న మోహన రాగ వరుసను అందరూ కలిసి నేర్చుకోవాలి. ఇది ఆది తాళంలో రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు:

స రి గ ప | గ రి | గ ప ||
ద ప గ ప | గ రి | స రి ||

చివరి రిషభం (రి) నుంచి మళ్ళీ మొదటి షడ్జానికి (స) ఆగకుండా తిరగాలి. అందరూ చేత్తో తాళం వేస్తూ, నిమిషానికి అరవై అక్షరాల వేగంలో, పుస్తకం చూడకుండా పాడగలగాలి. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడాలు, వద్దు; స్వరాలు తిన్నగా నిలవాలి. వరుస కుదిరిన తర్వాత ఒక ఆవర్తనం పైకి పాడి, తర్వాతి ఆవర్తనం తాళం వేస్తూ మనసులోనే పాడి, మూడో ఆవర్తనం మళ్ళీ పైకి అందుకోవాలి. మౌనం తర్వాత అందరూ ఒకే చోట, ఒకే శ్రుతిలో అందుకుంటే రెండో మెట్టుకు సిద్ధమైనట్టు.

రెండో మెట్టు: బేసి జట్టు, సరి జట్టు

ఇప్పుడు పంపకం. ఒకటి, మూడు, ఐదు, ఏడు అక్షరాల్లో పడే స్వరాలు బేసి జట్టువి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అక్షరాలవి సరి జట్టువి. మన స్వరలిపిలో కామా గుర్తు ముందున్న స్వరాన్ని పొడిగించమని చెబుతుంది కాబట్టి మౌనానికి ఆ గుర్తు వాడకూడదు, అడ్డగీత వాడుదాము.

బేసి జట్టు:
స – గ – | గ – | గ – ||
ద – గ – | గ – | స – ||

సరి జట్టు:
– రి – ప | – రి | – ప ||
– ప – ప | – రి | – రి ||

బాలి వాద్యబృందాల్లో ఇలా కచ్చితంగా ఒకటి విడిచి ఒకటి వాయించే పద్ధతిని న్యోగ్ చాగ్ అంటారు. అక్కడ తాళం దెబ్బ మీద వాయించేవారు పోలోస్, దెబ్బల నడుమ వాయించేవారు సాంగ్సిహ్. కంచు పలకల మీద కుడిచేత్తో సుత్తితో కొట్టి, తర్వాతి పలకను కొట్టేటప్పుడు ముందు పలకను ఎడమచేత్తో పట్టి దాని మోతను ఆపుతారు. ఆ ఆపే చెయ్యి లేకపోతే స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ముద్దయిపోతాయి. గొంతుతో పాడేవారికి ఆ ఎడమచెయ్యి పని ఊపిరి చేయాలి. స్వరాన్ని పెదవులు మూసి ‘మ్’ అని ముగించకూడదు, గొంతు బిగించి తెంచకూడదు. తర్వాతి అక్షరం పడే క్షణానికి గాలి ఆగిపోవాలి, అంతే. ముందే ఆగితే రెండు స్వరాల మధ్య సందు కనిపిస్తుంది. ఆలస్యంగా ఆగితే ఎదుటివారి స్వరం మొదలు వినిపించదు.

స్వరాల పేర్లతో పాడటం కుదిరాక ప్రతి స్వరాన్నీ ‘న’ అనే అక్షరంతో పాడాలి. స ఒక రకంగా, రి ఒక రకంగా పలుకుతాయి కాబట్టి స్వరాల పేర్లు ఉన్నంతకాలం జట్ల మధ్య తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది. ‘న’తో పాడినప్పుడే రెండు జట్ల నాదం నిజంగా కలిసిందో లేదో బయటపడుతుంది. అకారంలో మొదలుపెట్టకపోవడం మంచిది, ఎందుకంటే కొత్తవారు ప్రతి స్వరానికీ ‘హ’కారపు గాలి చేరుస్తారు.

ఈ మెట్టులో దాదాపు ప్రతి బృందంలోనూ సరి జట్టు వెనకబడుతుంది. కారణం ఒక్కటే: వారు బేసి జట్టు స్వరం విని, ఆ తర్వాత తమ స్వరం పాడుతున్నారు. ధ్వని విని స్పందించడానికి మనిషికి కొంత కాలం పడుతుంది, ఆ కాలం ప్రతిసారీ కలుస్తూ పోతుంది. సరి జట్టు విని పాడకూడదు. తాళాన్ని బట్టి పాడి, పాడాక వినాలి. దీనిని అలవాటు చేయడానికి ఒక మంచి ఉపాయం ఉంది. వరుస నడుస్తుండగా గురువు చెయ్యి ఎత్తగానే బేసి జట్టు పాట ఆపేయాలి, తాళం మాత్రం వేస్తూ ఉండాలి. సరి జట్టు ఒంటరిగా రెండు ఆవర్తనాలు తన స్వరాలను, మౌనాలను నడపాలి. చెయ్యి దించగానే బేసి జట్టు తన చోట చేరాలి. ఆ తర్వాత జట్లు మార్చి ఇదే చేయాలి. ఒంటరిగా నిలిచిన జట్టు వేగం పెంచకుండా, శ్రుతి దిగకుండా రెండు ఆవర్తనాలు నడిపిందంటే వారికి తాళం లోపల స్థిరపడిందని అర్థం. అది రానంతవరకు వేగం జోలికి పోకూడదు.

సరళీ వరుసతో ఈ పంపకం చేసినప్పుడు ఒక అందమైన చోటు వస్తుంది. ఆరోహణ చివరి తారస్థాయి షడ్జం ఎనిమిదో అక్షరం, అది సరి జట్టుది. అవరోహణ మొదటి షడ్జం తొమ్మిదో అక్షరం, అది బేసి జట్టుది. అంటే ఒకే స్వరం ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు చేతులు మారుతుంది. అక్కడ శ్రుతి వెంట్రుకవాసి తేడా ఉన్నా, బలం కొంచెం తేడా ఉన్నా దాచలేము. మా సాధనలో నేను అన్నిటికంటే ఎక్కువ సేపు నిలబెట్టేది ఆ రెండు షడ్జాల దగ్గరే. కళ్ళు మూసుకుని వింటే అవి ఒకే గొంతులోంచి వచ్చినట్టు ఉండాలి.

మూడో మెట్టు: కాలాన్ని బట్టి కాక స్వరాన్ని బట్టి పంచడం

పైన ఇచ్చిన మోహన వరుసను మళ్ళీ చూడండి. బేసి జట్టుకు షడ్జ, గాంధార, ధైవతాలే (స, గ, ద) వచ్చాయి; సరి జట్టుకు రిషభ, పంచమాలే (రి, ప) వచ్చాయి. వరుస ఎక్కడా స్వరం దాటకుండా మెట్టు మెట్టుగా నడుస్తుంది కాబట్టి అలా కుదిరింది. టిటికాకా సరస్సు ప్రాంతంలోని సికు అనే గొట్టాల వేణువు సరిగ్గా ఈ పంపకం మీదనే తయారైంది. దానిని రెండు ముక్కలుగా చేస్తారు. ఒక ముక్కను ఇరా అని, రెండోదానిని అర్కా అని అంటారు. సాధారణంగా ఇరాలో ఆరు గొట్టాలు, అర్కాలో ఏడు ఉంటాయి. స్వరశ్రేణిలోని స్వరాలు ఒకటి విడిచి ఒకటి ఇటూ అటూ పోతాయి కాబట్టి ఎంత ప్రావీణ్యం ఉన్నా ఒక్కడు ఒక ముక్కతో పాట వాయించలేడు. ఇద్దరు కావాల్సిందే. పండుగల్లో ఇలాంటి జతలు ఎన్నో చేరి ఒకే వరుసను ఊదుతాయి.

మనమూ అలాగే మొదటి జట్టుకు స గ ద, రెండో జట్టుకు రి ప శాశ్వతంగా ఇచ్చేద్దాము. మోహనంలో ఐదే స్వరాలు కాబట్టి తారస్థాయికి వెళ్ళేసరికి వంతు తారుమారవుతుంది, పై షడ్జం రెండో జట్టుకు పోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే గందరగోళం తప్పదు. ఇప్పుడు స్వరాలు దాటే వరుస ఒకటి తీసుకోవాలి:

స గ రి ప | గ ద | ప గ ||

మొదటి జట్టు:
స గ – – | గ ద | – గ ||

రెండో జట్టు:
– – రి ప | – – | ప – ||

ఇక్కడ ఒకటి విడిచి ఒకటి అనే నియమం పోయింది. మొదటి జట్టుకు ఒకచోట రెండు స్వరాలు కలిసి వస్తాయి, ఒకచోట ఒక్కటే వస్తుంది, ఆవర్తనం తిరిగేటప్పుడు మూడు వరుసగా వస్తాయి. లెక్క పెట్టుకుని పాడేవారు ఇక్కడ తడబడతారు. మొత్తం వరుస మనసులో నడిచేవారు తడబడరు. మొదటి మెట్టు ఎందుకు అంత అవసరమో ఈ మెట్టులో అందరికీ తెలిసివస్తుంది. దీనికి ముందు జంట వరుసలను పంచుకుంటే మధ్యలో ఒక తేలిక మెట్టు దొరుకుతుంది: ఒక జట్టు సస పాడి రెండక్షరాలు ఆగితే రెండో జట్టు రిరి పాడుతుంది, మొదటివారు గగ, రెండోవారు మమ, ఇలా పైదాకా వెళ్ళి దిగాలి.

నాలుగో మెట్టు: మూడు స్వరాల అల్లిక

బాలిలో పోలోస్, సాంగ్సిహ్ భాగాలను కలిపే అల్లికలన్నిటికీ కొటెకాన్ అని పేరు. వాటిలో మూడు స్వరాలతోనే నడిచే కొటెకాన్ తెలు అనే రకం గొంతులకు చాలా బాగా నప్పుతుంది. కింది రెండు స్వరాలు ఒక జట్టుకు, పై రెండు స్వరాలు ఇంకో జట్టుకు ఇస్తారు. మధ్య స్వరం ఇద్దరిదీ, దానిని ఇద్దరూ కలిసి పలికిస్తారు.

మనకు తెలిసిన తకిట తకిట తక నడకను తీసుకుందాము. మూడు, మూడు, రెండు కలిపితే ఎనిమిది, అంటే ఆది తాళంలో ఒక ఆవర్తనం. దానికి గ రి స గ రి స గ రి అనే స్వరాలు పెడదాము.

పై జట్టు:
గ రి – గ | రి – | గ రి ||

కింది జట్టు:
– రి స – | రి స | – రి ||

తాళం దెబ్బలు నాలుగు, రెండు, రెండుగా పడుతుంటే స్వరాలు మూడు, మూడు, రెండుగా కదులుతాయి. ఈ రెంటి మధ్య లాగుడే దీని అందం. మృదంగం నేర్చుకున్నవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది. మిగిలినవారు మొదట అందరూ కలిసి తకిట తకిట తక అని నోటితో చెబుతూ చేత్తో ఆది తాళం వేయడం అలవాటు చేసుకోవాలి. ఆ తర్వాత పై జట్టు ప్రతి తకిటలోని ‘ట’ దగ్గర, కింది జట్టు ప్రతి ‘త’ దగ్గర మౌనంగా ఉండి చెప్పాలి. మౌనాలు కుదిరాకే స్వరాలు పెట్టాలి. ఆవర్తనం తిరిగే చోట పై జట్టుకు గ రి గ రి అని నాలుగు స్వరాలు ఆగకుండా వస్తాయి కనుక ఊపిరి ఆరో అక్షరం ఖాళీలోనే తీసుకోవాలి.

రిషభాన్ని ఇద్దరూ పాడతారు కాబట్టి అది రెట్టింపు బలంతో పైకి పొడుచుకొస్తుంది. గాంధారాన్నీ షడ్జాన్నీ మామూలు బలంతో, రిషభాన్ని సగం బలంతో పాడితే మూడు స్వరాలూ సమంగా వినిపిస్తాయి. ఇది చెప్పినంత తేలిక కాదు, ప్రతి మూడక్షరాలకూ గొంతు తగ్గించి పెంచాలి. కానీ ఇది కుదిరిన క్షణంలో పాడేవారి ముఖాలు మారిపోతాయి. ఎవరు ఏది పాడుతున్నారో తమకే తెలియకుండా గ రి స గ రి స అనే ధార గది మధ్యలో తిరుగుతున్నట్టు ఉంటుంది.

గొంతులతో ఇంతకంటే జటిలమైన అల్లికలు వినాలంటే బాలిలోని కెచక్ వినాలి. పదుల సంఖ్యలో మగవారు వలయాలుగా కూర్చుని, ‘చక్’ అనే ఒక్క అక్షరాన్ని జట్లుజట్లుగా వేరు వేరు చోట్ల పలుకుతూ, ఏ వాద్యమూ లేకుండా రామాయణ కథకు లయ కట్టే ప్రదర్శన అది. నేడు మనం చూసే రూపం 1930ల్లో ఏర్పడింది. మన రాముడి కథను అంత దూరాన ఆ గొంతులు మోస్తున్నాయంటే నాకు ఎంతో ఆప్యాయంగా అనిపిస్తుంది.

వేగం పెంచడం

మొదటి కాలంలో కుదిరినదాన్ని అదే తాళం వేగంలో రెండో కాలానికి, అంటే అక్షరానికి రెండు స్వరాలకు తీసుకెళ్ళాలి. ఇక్కడ బేసి జట్టు స్వరాలన్నీ దెబ్బ మీద పడతాయి, సరి జట్టువి అన్నీ దెబ్బల నడుమ పడతాయి. సరి జట్టుకు ఇది బరువైన పని కనుక జట్లను తరచూ మార్చాలి. నిమిషానికి అరవై అక్షరాల దగ్గర మూడో కాలం పాడితే సెకనుకు నాలుగు స్వరాలు నడుస్తాయి. అయినా ఒక్కొక్క జట్టు పాడేది సెకనుకు రెండే. ఈ పద్ధతి బలం ఇదే. ఉగాండాలోని బుగాండా రాజ్యంలో అమదిండా అనే పన్నెండు కొయ్యపలకల వాద్యాన్ని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకరి దెబ్బల సందుల్లో ఒకరు కొడుతూ వాయిస్తారు. ఒక్కరి చేతికి అందని వేగం అలా ఇద్దరికీ తేలికగా అందుతుంది. మూడో వాద్యకారుడు ఆ ఇద్దరి స్వరాల్లో కిందివి రెంటిని ఏరుకుని పై పలకల మీద రెట్టిస్తాడు.

ఆ వాద్యం ఇంకో విషయం కూడా నేర్పుతుంది. వేగం పెరిగి, స్వరాల మధ్య దూరం ఎక్కువైనప్పుడు చెవి పై స్వరాలను ఒక వరుసగా, కింది స్వరాలను వేరే వరుసగా ఏరుకుంటుంది. ఎవరూ వాయించని కొత్త వరుసలు వినిపిస్తాయి. కావాలని చేస్తే అది గొప్ప అందమే, కానీ మనకు ఒకే వరుస వినిపించాలంటే వేగమైన చోట్ల స్వరాలు దగ్గర దగ్గరగా ఉండేలా చూసుకోవాలి. షడ్జం నుంచి ధైవతానికి, మళ్ళీ రిషభానికి దూకే వరుసలను మొదటి కాలానికే పరిమితం చేయడం మేలు.

ఎంతవరకు వచ్చామో తెలుసుకోవడానికి ఫోనును బృందానికి దూరంగా గదిలో ఒక మూల పెట్టి రికార్డు చేసి, సాధనలో లేని సంగీతం తెలిసిన ఒకరికి వినిపించి, వినిపించిన స్వరాలను రాయమనాలి. వారు వరుసను నేరుగా రాసేస్తే పని జరిగినట్టే. ‘ఎవరో మధ్య మధ్య ఆగుతున్నారు’ అంటే నిడివి సరిచూసుకోవాలి. ‘ఇద్దరు పాడుతున్నారు’ అంటే నాదం, బలం సరిచూసుకోవాలి.

ఏ రాగాలకు, ఏ పాటలకు

కర్ణాటక సంగీతంలో ఈ పద్ధతికి ఉన్న అసలు హద్దు గమకం. తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగే కదలిక; దానిని ముందు వెనక స్వరాల నుంచి కోసి ఇంకొకరికి ఇస్తే రాగమే పోతుంది. సహాన, బేగడ, ఆనందభైరవి లాంటి రాగాలను ఈ పనికి ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. మోహనం, హంసధ్వని, శుద్ధ సావేరి లాంటి రాగాల్లో తేలికైన వరుసలు తీసుకుని, స్వరాలను తిన్నగా నిలిపి పాడితే నిలుస్తాయి. ఆ రాగాల్లోనైనా ఘనమైన కృతులు వద్దు. లయ వైపు నుంచి చూస్తే మనకు దగ్గరి చుట్టం కచేరీలో లయవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలోనే ఉంది: మృదంగం, ఘటం లేక కంజీర వారు వంతులు వేసుకుంటూ, ఒక్కొక్క వంతు నిడివిని తగ్గించుకుంటూ పోయే భాగం. దాన్ని శ్రద్ధగా విన్నవారికి ఈ సాధన సగం వచ్చినట్టే.

సాహిత్యం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పోప్ 22వ జాన్ 1324-25లో వెలువరించిన శాసనంలో, ప్రార్థన వరుసలను హాకెట్లతో ముక్కలు చేస్తున్నారని ఆక్షేపించాడు. మన భజనకూ ఆ ఆక్షేపణ అంతే వర్తిస్తుంది. గోవింద నామాన్ని మూడు అక్షరాలుగా విరిచి మూడు జట్లకు పంచితే చెవికి చమత్కారంగా ఉండవచ్చు, కానీ నామం ఏ ఒక్కరి నోటా పూర్తిగా పలకదు. నామస్మరణకు కూర్చున్నవారికి అది న్యాయం కాదు. అన్నమయ్య సంకీర్తనల్లోనైనా, నామావళిలోనైనా మాట మధ్యలో విరుపు పెట్టకూడదు. పంచుకోవాలంటే పూర్తి మాటకు పూర్తి మాటగా పంచుకోవాలి. స్వరాలను కోసే అల్లికను చరణాల మధ్య వచ్చే స్వరభాగాల్లో, జతుల్లో (తకిట లాంటి లయ పలుకుల్లో), ‘న’ లేక ‘తానన’ లాంటి అక్షరాలతో పాడే ముగింపుల్లో పెట్టుకోవాలి. భక్తికి మాట, ఆనందానికి స్వరం, రెండూ తమ తమ చోట ఉంటాయి.

వేదిక మీదికి తీసుకెళ్ళేటప్పుడు

చెక్కలు, పెద్ద తాళాలు స్వరాల మొదళ్ళను మింగేస్తాయి కనుక అల్లిక నడిచే భాగంలో వాటిని ఆపి, చిన్న తాళాలు గానీ కంజీర గానీ మెల్లగా ఉంచుకోవాలి. జట్టుకు ఒక మైకు పెట్టి రెండూ సమానంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. మైకు సెట్టు అతనికి ఒక మాట తప్పక చెప్పాలి: ఒక జట్టును కుడి స్పీకరుకు, ఇంకో జట్టును ఎడమ స్పీకరుకు విడదీయవద్దని. అలా చేస్తే కుడివైపు కూర్చున్నవారికి సగం వరుస, ఎడమవైపు వారికి మిగతా సగం వినిపిస్తుంది. గాయకులకు ఎదుటి జట్టు వినిపించేలా ఒక చిన్న స్పీకరు వారి వైపు తిప్పి ఉంచాలి.

ఊరేగింపుల్లో, అలిపిరి మెట్లు ఎక్కుతూ పాడే భజనల్లో, వీధి పొడవునా సాగే కోలాటంలో ఈ అల్లిక వద్దు. బృందం ముందుకూ వెనక్కూ దూరం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఊపిరి ఎవరి అడుగును బట్టి వారికి ఆడుతుంది, స్వరం స్వరంగా కలవడం అక్కడ కుదరదు. అలాంటి చోట పాదానికి పాదం మార్చుకునే పాత పద్ధతే సరైనది. కూర్చుని పాడే సభలో మాత్రం వరుసను ముందుగా ఒక ఆవర్తనం అందరూ కలిసి పాడి వినిపించి, ఆ తర్వాతే పంచుకోవాలి. అప్పుడు వినేవారి మనసులో కూడా మొత్తం వరుస ఉంటుంది, ఏ స్వరం ఎటునుంచి వస్తోందో వారే వెతుక్కుంటారు.